మూడో బావి తాళంచెవి

"నీళ్లు పట్టుకొచ్చేదానికి ఎమ్మెస్సీ ఎందుకమ్మా? బిందె ఉంటే చాలదా?" అని మా అత్తగారు నా పెళ్లైన కొత్తలో అడిగింది. ఆమెది బైరకూరు. అక్కడి ఆడవాళ్లు బుద్ధి తెలిసినప్పటినుంచీ నీళ్లు మోస్తూనే ఉన్నారు, ఎవరూ వాళ్లకు జీతం ఇవ్వలేదు. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదని ఇప్పుడనిపిస్తుంది. ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండింది. రెండు పూటలు ఆమెతో మాట్లాడలేదు. నా కోపం అలాంటిది, అప్పుడూ ఇప్పుడూ.

నా పని బావుల్లో నీళ్లు సీసాలకు పట్టి బెంగళూరులోని లాబుకు చేర్చడం. తాగే బావులు కావు. నేల కింద నీళ్లు ఎలా ఉన్నాయో కనిపెట్టడానికని ప్రత్యేకంగా వేసిన సన్నటి బోర్లు. బయటికి కనబడేది మోకాలెత్తు పైపు, దానికో ఇనప మూత, మూతకు తాళం. వాటి నీళ్లు ఎవరూ తాగరు, మడికి కట్టరు. మేం వాటిని పరీక్ష బావులంటాం. మూడు నెలలకోసారి వెళ్లి తాళం తీసి, నీళ్లు పట్టి, ఐసు పెట్టెలో పెట్టుకుని వస్తాను. వినడానికి ఇంతే.

చేయడానికి మాత్రం ఇంతే కాదు. ఈ పనిలో మొదటి పాఠం, పైపులో నిలిచిన నీళ్లను నమ్మకూడదు. మూడు నెలలుగా కదలకుండా పైపులో కూర్చున్న నీళ్లు నేల సంగతి చెప్పవు, పైపు సంగతి చెబుతాయి. అందుకని లోపల ఎన్ని నీళ్లున్నాయో టేపు వేసి లెక్కగట్టి, దానికి మూడింతలు తోడి పారెయ్యాలి. అప్పుడు రాతి సందుల్లోంచి కొత్త నీరు ఊరుతుంది. సీసాకు పట్టాల్సింది ఆ నీళ్లు. ఎండలో నిలబడి గంటసేపు నీళ్లు పారబోస్తుంటే దారిన పోయేవాళ్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. కోలారు జిల్లాలో ఒక ఆడమనిషి నీళ్లు పారబోయడమంటే మామూలు పాపం కాదు మరి.

జిల్లాలో మా లాబు చూసే బావులన్నీ నాకే అప్పగించారు. కారణం నా తెలివి కాదు, నేను కేజీఎఫ్‌లో బంగారు గని కార్మికులుండే లైన్లలో పుట్టడం. మా తాత చిత్తూరు వైపు పల్లె వదిలి గనిలో పనికి వచ్చాడు. మా నాన్న గని ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. నా దాకా వచ్చేసరికి గని మూతపడింది. అందుకే నేను ఊళ్లో సగంమందిలాగే చీకటితో లేచి బెంగళూరు రైలెక్కుతాను, టేకల్ దాటేదాకా కునికిపాట్లు పడతాను. బంగారం పోయింది గానీ దాన్ని సైనైడుతో కడిగి తీసిన మట్టి ఎక్కడికీ పోలేదు. ఊరి చుట్టూ గుట్టలు గుట్టలుగా కూర్చుంది. మేం వాటిని సైనైడ్ దిబ్బలంటాం. చిన్నప్పుడు వాటిమీంచి అట్టముక్కలు వేసుకుని జారేవాళ్లం. గాలి కాలంలో ఆ తెల్లదుమ్ము సంగటి మీద పడితే అమ్మ పైపొర గీకేసి మిగతాది పెట్టేది.

ఒక దిబ్బ పాదాన ముప్పై ఇళ్ల కాలనీ ఉంది. ఆ దిబ్బ చుట్టూ మూడు పరీక్ష బావులు వేశారు, మూడోది ఆ కాలనీ అంచున పడింది. దానికి పది అడుగుల దూరంలోనే కాలనీవాళ్ల చేతిపంపు. గని మూసిన కొత్తలో ఆ కాలనీ మగవాళ్లే తలా ఒక చెయ్యి వేసి వేయించుకున్న బోరు అది. నేను చెప్పబోయే రోజుకు ముందు వరుసగా రెండు సార్లు మూడో బావి నీళ్లలో సైనైడు ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉందని తేలింది. వెంటనే పట్టణం మునిసిపల్ ఆఫీసువాళ్లు వచ్చి చేతిపంపు హ్యాండిల్ ఊడదీసుకుపోయారు. పంపు ఒంటికి ఎర్ర రంగు పూశారు. రోజు మార్చి రోజు నీళ్ల ట్యాంకరు పంపడం మొదలుపెట్టారు.

ఇక మూడోసారి కూడా చెడ్డగా వస్తే ఊళ్లోంచి కాలనీకి నీళ్ల పైపులైను వేయాలి. మంచిగా వస్తే ట్యాంకరు ఆగిపోతుంది, చేతిపంపుకు హ్యాండిల్ తిరిగొస్తుంది, మళ్లీ అందరూ ఆ నీళ్లే తాగాలి. ఇది కాగితం మీద ఉన్న మాట. కాలనీలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు, నేనూ చెప్పలేదు. నీళ్లు పట్టడం వరకే నా పని అనుకున్నాను.

ఆ బావికి అన్నిటికంటే దగ్గరి ఇల్లు ఒక అవ్వది. ఆమె భర్త గనిలో రాయి తొలిచే పనిచేసి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో నింపుకుని పోయాడు. కొడుకూ కోడలూ బెంగళూరు రైలుకు పోతే పగలంతా అవ్వ ఒక్కతే. మొదటి ఏడాది ఎవరో పాత ఇనుము కోసం బావి మూత పీకబోయారు, ఇంకోసారి పిల్లలు తాళంలో మట్టి కూరారు. అలా కాదని రెండో తాళంచెవి అవ్వ చేతిలో పెట్టాను. "అవ్వా, అప్పుడప్పుడూ తాళానికింత నూనె పెట్టు, ఎవురన్నా ముట్టుకుంటే కేకెయ్యి" అన్నాను. రెండు చెవులూ లాబులోనే ఉండాలని రూలు. లాబుకు నేను చెప్పలేదు. అవ్వ ఆ చెవిని దేవుడి పటం మేకుకు తగిలించి, పటంతోపాటు దానికీ బొట్టు పెట్టేది.

నేను చెప్పబోయేది ఆ మూడో పరీక్షకు వెళ్లిన రోజు సంగతి.

పొద్దున తొమ్మిదింటికి జీపు దిగేసరికి బావి మూతకు పసుపు రాసి ఉంది. మూడు కుంకుమ బొట్లు, ఒక చామంతి పువ్వు. మా డ్రైవరన్న నవ్వాడు. "అక్కా, పరీచ్చకు పొయ్యే పిల్లకు బొట్టు పెట్టినట్ల పెట్టినారు చూడు" అన్నాడు. నేనూ నవ్వాను. గనిలోకి దిగేముందు షాఫ్టుకు దండం పెట్టుకున్నవాళ్ల ఇళ్లు ఇవి, పైపుకు పసుపు రాయడం వింతేమీ కాదు. తాళం వెన్నలా తెరుచుకుంది. మూత ఎత్తాను. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

మునిసిపాలిటీ నీళ్ల ట్యాంకు వాసన. పైపు లోపలి అంచున తెల్లటి పొడి పెచ్చులుగా అంటుకుని ఉంది. బ్లీచింగ్ పౌడరు.

అది మామూలు మురికైతే నేను అంత కంగారుపడేదాన్ని కాదు. సైనైడు ఉన్న నీళ్లలో బ్లీచింగ్ కలిపితే అది సైనైడును విరగ్గొట్టేస్తుంది. పైపులో నీళ్లు కడిగిన ముత్యంలా తయారవుతాయి. కానీ పైపులో మాత్రమే. కింద రాతిలో, పది అడుగుల అవతల చేతిపంపు పీల్చే చోట, ఉండేది ఉండనే ఉంటుంది. ఆ నీళ్లు సీసాకు పట్టి పంపితే లాబు మిషను ఏమీ లేదంటుంది. మిషనుదేం తప్పు కాదు.

"ఎవురు తెరిచినారు దీన్ని?" అని అరిచాను. నా గొంతు చిన్నదేమీ కాదు. నాలుగిళ్ల ఆడవాళ్లు బయటికొచ్చారు. వాళ్ల వెనకే అవ్వ, కొంగు నడుముకు దోపుకుని, పండగ చేసిన మొహంతో వచ్చింది.

"మేమే తెరిచినాము. ఎందుకట్ల అరుస్తావు? నిన్న సాయంత్రం అందరూ కూడి శుభ్రం చేసినాము. ట్యాంకరు పిలగాణ్ణి బతిమాలి పౌడరు తెప్పించినాము. రెండు డబ్బాలు ఏసినాము చూడు. ఈ తూరి మా నీళ్లు పాసైపోతాయి" అంది.

నా నోటికి ఎంతొస్తే అంత అన్నాను. ఏమన్నానో అన్నీ రాయను. "మీకు బుద్ధుండాదా, తెలియకపోతే సుమ్మనే ఉండొచ్చు గదా" అన్నది అందులో కాస్త మర్యాదైన మాట. డ్రైవరన్న నా చెయ్యి పట్టుకుని "అక్కా, పెద్దామె" అన్నాడు. అప్పుడు ఆగాను. ఆగి, ఆరు నెలల కిందటే చెప్పాల్సిన మాట చెప్పాను. చెడ్డగా వస్తేనే పైపులైను. మంచిగా వస్తే ట్యాంకరు కూడా పోతుంది.

ఒకామె, "ఫెయిలైతే మంచిదా? ఇదేం పరీచ్చమ్మా?" అంది.

"ఈ మాట ముందే చెప్పుంటే మేము ఏసుందుమా?" అని ఇంకొకామె అడిగింది.

లాబులో మా పైసారుకు ఫోన్ చేశాను. తెలుగాయనే, తిరుపతి వైపు. కొత్త చొక్కాకు సిరా చుక్క పడినా తట్టుకోలేని మనిషి. జరిగింది జరిగినట్టు చెప్పాను, తాళంచెవి సంగతితో సహా. రెండు వారాలు పోయాక, బావి తేరుకున్నాక మళ్లీ వచ్చి పడతానన్నాను.

"కుదరదు మేడమ్. ఈ విడత ఈరోజుతో అయిపోవాలి, రిపోర్టుకు టైం లేదు. మీరు ప్రొసీజర్ ప్రకారం మూడింతలు తోడండి, పట్టండి, వచ్చేయండి. వాసనలూ పౌడర్లూ శాంపిలు షీట్లో రాయకండి."

"మూడింతలు తోడితే పోయే పౌడరు కాదు సార్ ఇది. పైపుకంతా పట్టుకుంది. రిజల్టు తప్పొస్తుంది."

"తప్పేముంది? క్లీన్‌గా వస్తుంది. కాలనీవాళ్లు కూడా అదే కోరుకుంటున్నారని మీరే అంటున్నారుగా?" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "షీట్లో రాస్తే మొదటి ప్రశ్న తాళంచెవి గురించే వస్తుంది మేడమ్. ఆలోచించుకోండి" అన్నాడు.

బెదిరింపే, కానీ మర్యాదగా ఉంది. జీపు నీడలో కూర్చుని నిజంగానే ఆలోచించాను. కాలనీకి పాసు కావాలి, నిన్నటిదాకానైనా. మా సారుకు పాసు కావాలి. ఆ దిబ్బ మట్టిని మళ్లీ కడిగి మిగిలిన బంగారం పిండుకుందామని చూస్తున్నవాళ్లు ఉన్నారు, మాకు పని ఇచ్చింది వాళ్లే, వాళ్లకు అందరికంటే ఎక్కువగా పాసు కావాలి. నేను కూడా మూడింతలు తోడి, సీసా నింపి, నోరు మూసుకుని రైలెక్కితే నా ఉద్యోగానికి ఢోకా లేదు. ఆ నీళ్లు ఫెయిలు కావాల్సిన అవసరం ఎవరికీ లేదు, రేపు హ్యాండిల్ బిగించాక వాటిని తాగబోయే పిల్లలకు తప్ప. వాళ్లకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. మా తాత ఊపిరితిత్తులు కూడా ఎవరో డాక్టరు బాగానే ఉన్నాయని రాసి పంపినవే. ఆ కాగితం మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండేది, నాన్న దాన్ని పారెయ్యనిచ్చేవాడు కాదు. సంతకం ఎవరిదో అర్థమయ్యేది కాదు. నా సంతకం చదవడానికి బాగానే ఉంటుంది. అదే నా బాధ.

"అన్నా, పంపు దించు. మూడింతలు కాదు, ముప్పై ఇంతలైనా సరే తోడదాం" అన్నాను.

పంపు దించాం. పౌడరు కలిసిన ఈ నీళ్లు మామూలుగా పారబోసినట్టు అక్కడే పారబొయ్యకూడదు గనక ఖాళీ డ్రమ్ముల్లోకి పట్టాం. నీళ్లలో బ్లీచింగ్ తాలూకు క్లోరిన్ ఉందో లేదో చెప్పే చిన్న కాగితం ముక్కలుంటాయి మా దగ్గర. తడిపితే నీలంగా మారిందంటే ఉన్నట్టు. మూడింతలు తోడాను, నీలం. ఆరింతలు తోడాను, నీలం. బావి ఎండిపోయింది. రాతినేలలో ఊట నిదానం, ముప్పావుగంట కూర్చుంటే గానీ నీళ్లు రావు. మళ్లీ తోడాను. మళ్లీ నీలం. పదకొండింటికి పంపు బ్యాటరీ చచ్చింది.

"జీపు బ్యాటరీ తీయన్నా" అన్నాను.

"అది పీకితే మనం యాడికి పోతామక్కా?"

"తోసుకుంటా పోదాం లే."

ఆయన గొణుక్కుంటూనే తీశాడు. ఆ తర్వాత ఊళ్లోకి ఎవరిదో మోపెడ్ అడుక్కుని వెళ్లి, కరిగిపోయిన ఐసు బదులు చేపల దుకాణంలోంచి రెండు దిమ్మలు తెచ్చాడు. ఈలోగా సారు ఐదుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లు ఎత్తాను. మూడోసారికి ఫోన్‌ను జీపు సీటు కింద పడేశాను.

బావిలో నీళ్లు ఊరేదాకా కూర్చున్న ఆ ముప్పావుగంటల్లో ఒకసారి అవ్వ స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. పొద్దున నేను అన్ని మాటలన్నా తెచ్చింది. "ఎండలో ఉండావు. ఇంద, తాగు" అంది.

"నా దగ్గర ఉండాయి లే అవ్వా" అన్నాను. అనాలని అన్నమాట కాదు. అలవాటుగా వచ్చేసింది. నా చెయ్యి అప్పటికే సంచిలోని నా సీసా మీదికి పోయింది.

అవ్వ గ్లాసు వెనక్కి తీసుకోలేదు. అలాగే పట్టుకుని నా ఎదురుగా రాయి మీద కూర్చుంది. "పొద్దున అడిగితివి గదా, ఎందుకేసినారు అని. చెప్పనా?" అంది.

"చెప్పు."

"నువ్వు వచ్చేది మొదలుపెట్టి మూడేండ్లు అయింది. ఒక్క తూరైనా మా ఇంట్లో గ్లాసుడు నీళ్లు తాగినావా? మా గడపలో కూచుంటావు, మా సంగటి తింటావు, నీళ్లు మాత్రం నీ సంచిలోనుంచి తీసుకుంటావు. మొదుట సీసాతో వచ్చింది నువ్వే. ఇంగ నిన్ను చూసి అందురూ నేర్చినారు. నా కోడలి తమ్ముడు వస్తే సీసా. చీటీ కట్టించుకునేదానికి వచ్చే పిల్లకు సీసా. గ్లాసు ఇస్తే తీసుకుంటారు, కింద పెడతారు, లేచి పోతారు. ఎవురన్నా ఇంటికొస్తే నీళ్లు ఇచ్చేదానికి కూడా సిగ్గయితాదమ్మా నాకు."

నేను సంచిలోంచి చెయ్యి తీసేశాను.

"నీళ్ల సంగతి తెలిసిన పిల్ల నువ్వు. నువ్వే తాగలేదంటే ఇంగెవురు తాగతారు? పాసైతే తాగతావని ఏసినాను. ఇంగేమీ లేదు."

అప్పుడైనా ఆ గ్లాసు అందుకుని ఉండాల్సింది. అందులో ఉన్నది ట్యాంకరు నీళ్లే, నేను తాగినా ఏమీ కాదు. చేతులకు గ్లవుసులున్నాయి, ఒక సీసాలో యాసిడ్ ఉంది, శాంపిలు పట్టేటప్పుడు తినకూడదు తాగకూడదని రూలుంది. అన్నీ నిజమే. గ్లవుసులు విప్పి, చేతులు కడుక్కుని తాగొచ్చన్నది కూడా నిజమే. తాగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అవ్వ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు నా మీదే ఎంత కోపం వచ్చిందంటే, లేచి మళ్లీ పంపు దగ్గరికి పోయాను.

ఒంటిగంట దాటాక పంపు కూడా మొరాయించింది. అడుగున పేరుకున్న పౌడరు బురదంతా దాని గొంతులో ఇరుక్కుంది. ఇక మిగిలింది చేద. మా దగ్గర ఉండే చేద సన్నటి పొడుగాటి గొట్టం, తాడు కట్టి దించితే లీటరు నీళ్లు పడతాయి. లీటరు లీటరుగా ఆ బావిని ఎండగట్టాలి. పది చేదలకు నా భుజాలు పట్టేశాయి. ఇరవైకి డ్రైవరన్న అందుకున్నాడు, ఆయనకు నడుమునొప్పి. ఆయన తాడు వదిలేసరికి పొద్దున నేను తిట్టిన ఆడవాళ్లలో ఒకామె వచ్చి నిలబడింది.

"ఇట్లియ్యి. మీకు చేదేదే రాదు" అంది.

వాళ్లకు గ్లవుసులిచ్చాను. తాడు నేలకు తగలకూడదని చెప్పాను. ఒకసారి చెబితే చాలు, నేల మీద ప్లాస్టిక్ పట్ట పరిచి, దాని మీదే తాడు చుట్టలు చుట్టుకుంటూ ఒకరి తర్వాత ఒకరు చేదారు. నాకంటే రెండింతలు వేగంగా చేదారు. మా అత్తగారు అడిగింది నిజమేనని ఆ మధ్యాహ్నం నాకు అర్థమైంది. ఒకామె చేదుతూ, "నిన్న పోసిందీ మేమే, ఈరోజు తోడేదీ మేమే, మా ఇంట్లో ఇంగ పనిలేదు గదా!" అంది. అందరూ నవ్వారు. కాసేపటికి అవ్వ కూడా వచ్చింది. చేతనవుతుందా అని అడిగితే, "నన్నేమనుకున్నావు? ఆయప్ప లోపల రాయి కొడితే నేను బయట నీళ్లు మోసినాను" అని నా చేతిలోంచి తాడు లాక్కుంది.

నాలుగున్నరకు కాగితం తడిపాను. తెల్లగానే ఉంది. నమ్మలేక ఇంకొకటి తడిపాను. తెలుపే. మళ్లీ ఊట రానిచ్చి, ఇంకో విడత తోడి మూడోది తడిపాను. నీళ్ల గుణం కొలిచే మీటరులో అంకెలు కూడా వరుసగా మూడుసార్లు ఒకేలా నిలబడ్డాయి. అప్పుడు సీసాలు తీశాను. సైనైడు పరీక్షకు పట్టిన సీసాలో, అది ఎగిరిపోకుండా క్షారం బిళ్లలు వేసి, మూత బిగించి, చీటీ అంటించి, ఐసులో పెట్టాను. ఆడవాళ్లంతా చుట్టూ నిలబడి చూశారు. ఒకామె సీసాకు దండం పెట్టింది. ఈసారి ఫెయిలు కావాలని మొక్కుకుందేమో, నేను అడగలేదు.

తర్వాత షీటు తీసి రాశాను. మూత తెరిచిన సంగతి, పౌడరు సంగతి, ఎన్నిసార్లు తోడిందీ, ఎన్ని కాగితాలు నీలమైందీ, పంపు చెడిపోయిందీ, చేదతో తోడిందీ అన్నీ రాశాను. రెండు వారాలకు ఇదే బావికి మళ్లీ పరీక్ష చేయాలని రాశాను. చివర, "తాళంచెవి కాలనీలో ఉంచింది నేనే. లాబుకు తెలియదు. తప్పు నాది" అని రాసి సంతకం చేశాను.

"ఏం రాసినావు?" అని అవ్వ అడిగింది. చదివి వినిపించాను.

"పౌడరు ఏసింది ఎవురని రాసినావు?"

"కాలనీవాళ్లు అని రాసినాను."

"కాలనీవాళ్లంటే ఎవురు? నేను చెప్తేనే వీళ్లు ఏసినారు. నా పేరు రాయి."

"వద్దవ్వా, నీకెందుకు ఈ గలాటా?"

"నీ తప్పుకు నీ పేరు ఉండాది. నా తప్పుకు నా పేరు ఉండొద్దా? ఇట్లియ్యి." పెన్షను కోసం నేర్చుకున్న సంతకం ఆమెకు ఒకటి ఉంది. నా సంతకం పక్కన, సాక్షి అని ఉన్న చోట, పెద్ద పెద్ద అక్షరాలతో పెట్టింది. గడి సరిపోక చివరి అక్షరం నా సంతకం మీదికి వచ్చింది. రాయడం అయ్యాక లోపలికి పోయి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. బొట్టు ఇంకా దాని మీద ఉంది.

షీటుకు కార్బన్ కాపీ ఉంటుంది, అది పట్టణం ఆఫీసుకు చేరాలి. మామూలుగా లాబే పంపుతుంది. ఆ రోజు నేను లాబును నమ్మదలచుకోలేదు. తలుపులు వేసేవేళకు ఆఫీసులో దూరి, కాపీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని మరీ ఐసు పెట్టెతో బెంగళూరు రైలెక్కాను. జీపును మాత్రం నిజంగానే తోయాల్సి వచ్చింది. కాలనీ ఆడవాళ్లే తోశారు.

మర్నాడు సారు నన్ను గదిలోకి పిలిచాడు. "షీటు ఇంకొకటి రాయండి మేడమ్. కొంచెం అడ్జస్ట్ చేద్దాం" అన్నాడు. ముద్ర ఉన్న రసీదు బల్లమీద పెట్టాను. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. "మీరు మాకు వ్యతిరేకంగా పనిచేస్తున్నారా?" అని అడిగాడు.

"నేను నీళ్లకు పని చేస్తున్నాను సార్. జీతం మీరిస్తున్నారు, అంతే" అన్నాను. ఇంటికెళ్లి ఈ మాట చెబితే మా ఆయన తల పట్టుకున్నాడు.

ఆ సీసా నీళ్లు ఫెయిలయ్యాయి. రెండు వారాల తర్వాత ఇంకో లాబువాళ్లు వచ్చి పట్టిన నీళ్లూ ఫెయిలయ్యాయి. నన్ను కోలారు బావుల నుంచి తప్పించి, కౌంటరు దగ్గర సీసాలకు నంబర్లు వేసే పనిలో కూర్చోబెట్టారు. తాళంచెవి ఇచ్చినందుకు. అది న్యాయమే, ఇవ్వకూడనిది ఇచ్చాను. షీటు మార్చమన్నందుకు మాత్రం ఎవరినీ ఎక్కడా కూర్చోబెట్టలేదు. ఆ సంగతి ప్రతి మీటింగులోనూ లేచి నిలబడి అడుగుతూనే ఉన్నాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

నాలుగు నెలలకు ఒక ఆదివారం నా అంతట నేను ఆ కాలనీకి వెళ్లాను. రోడ్డు పక్కన పైపులైనుకు కాలవ తవ్వి ఉంది, పైపులు ఇంకా దిగలేదు. చేతిపంపు ఎర్ర రంగులో అలాగే ఉంది. ట్యాంకరు వచ్చి పోయినట్టుంది, గడపల ముందు బిందెలు నిండుగా ఉన్నాయి. అవ్వ నన్ను చూసి లేచింది గానీ నీళ్లు తేవడానికి లోపలికి పోలేదు. నాకు ఇవ్వడం మానేసింది. ఆ మానేయడం నేను చూశాను.

"అవ్వా, దప్పికైతాంది. నీళ్లియ్యి" అన్నాను.

ఆమె నా చేతులకేసి చూసింది. తర్వాత భుజంకేసి చూసింది. "నీ సీసా యాడ?"

"తేలేదు."

లోపలికి వెళ్లి అదే స్టీలు గ్లాసుతో తెచ్చింది. నిలబడి, కొంగుతో నోరు మూసుకుని, నేను తాగుతున్నంతసేపూ నా గొంతువైపే చూసింది. ఖాళీ గ్లాసు ఇచ్చాను. దాన్ని తలకిందులు చేసి చూసి, పక్కింటివాళ్లకు వినపడేలా అంది, "పాసైతే తాగతాదనుకుంటి. ఇదేమో, ఫెయిలైనాక తాగుతాది!"

నేను నవ్వాను. అవ్వ మళ్లీ బిందెలో ముంచి గ్లాసు నా చేతిలో పెట్టింది.

"ఇది పోయినేడాదిది. తాగు" అంది. "ఇంగ దానికి ముందుటేడాదిది ఇంగొకటి ఉండాది. మూడూ తాగే దాకా నిన్ను కదలనిచ్చేది లేదు."

మూడు గ్లాసులూ తాగాను.